సుజ్జీ, తీరిగ్గా చదువుకో

సుజ్జీ,

నైట్ డ్యూటీలని తెలుసు, అందుకే ఫోన్ మీద ఫోన్ చెయ్యకుండా రాస్తున్నా. నాన్న షుగర్ కంట్రోల్లోనే ఉంది. డ్యూటీ దిగి టీ బిస్కెట్లతో సరిపెట్టుకోకు, బాబాయి చేత పంపిన కందిపొడి ఉందిగా, వేడన్నంలో రెండు ముద్దలు తిని పడుకో.

విజయ పిన్ని ఏదో అంది. నేనేం అడగట్లేదు. మీ వార్డులో ఎవరో పెద్దాయన్ని మంచానికి కట్టేసిన చేతికట్లు నువ్వు విప్పావట, తెల్లారుజామున ఆయన మంచం దిగబోయి పడ్డాడట, నీకు మెమో ఇచ్చారట. పిన్ని మాటల్లో సగం తీసెయ్యాలని నాకూ తెలుసులే.

నానమ్మ తుంటి ఆపరేషనప్పుడు నీకు టెన్త్ పరీక్షలని అంతా చెప్పలేదు. థియేటర్‌కి తీసుకెళ్ళేముందు కళ్ళజోడు, చెవి మిషను తీసి నా చేతిలో పెట్టారు, తర్వాత ఐసీయూలోకి నన్ను రానిస్తేగా ఇవ్వడానికి! కనపడక, వినపడక, రాత్రీ పగలూ ఒకటే లైటు. ఆ రాత్రి ఆవిడ రేపల్లె ప్యాసింజర్లో ఉన్నాననుకుని "తెనాలొచ్చింది, దించండి" అని సెలైన్ సూది పీకేసిందట. పొద్దున నేను వెళ్ళేసరికి రెండు చేతులూ మంచం కడ్డీలకి బ్యాండేజీ గుడ్డతో కట్టేసున్నాయి, మణికట్టు దగ్గర ఎర్రగా కమిలింది. అడిగితే మీవాళ్ళే సంతకం పెట్టారన్నారు, అడ్మిషన్లో నాన్న చేత పెట్టించిన కాగితాల కట్టలో అదీ ఉందిట. రూముకి మార్చాక కళ్ళజోడు పెట్టి, మిషను పెట్టి, కిటికీ తెరిచి, పగలంతా కూర్చోబెట్టి కబుర్లు చెప్తే నెమ్మదిగా తేరుకుంది. సాయంత్రమయ్యేసరికి "మీ మావయ్యేడే?" అనేది. పోయారని మళ్ళీ ఏడిపించడానికి మనసొప్పలేదు, వస్తారని అబద్ధం చెప్పడానికీ నోరు రాలేదు, "మావయ్య సంగతులు చెప్పండత్తయ్యా" అనేదాన్ని, ఆయన సైకిలు గురించి చెప్తూ చెప్తూ నిద్రపోయేది.

నువ్వే ఒకసారి చెప్పావు, అమెరికాలో యేల్ యూనివర్సిటీ వాళ్ళు 70 దాటిన 852 మందిని చూశారని, ఇలా కళ్ళజోడు, నిద్ర, మంచినీళ్ళు, నడిపించడం చూసుకుంటేనే డెలీరియం, అదే ఆస్పత్రిలో ఉన్నట్టుండి ఇలా మతి తప్పడం, వచ్చేవాళ్ళు 15 శాతం నుంచి 10కి తగ్గారని, 1999లోనే. మరి ఆ పని చేసే మనిషేరీ? అక్కడే ఉంది అసలు సంగతి. కట్లు విప్పడం సగం పనే తల్లీ, విప్పాక పక్కన ఒకళ్ళు కూర్చోవాలి, అది ఒక్క నర్సు వల్ల ఎలా అవుతుంది? వాళ్ళ అబ్బాయినో కోడల్నో రాత్రికి ఉండనివ్వమని పోట్లాడాల్సింది. ఆపరేషన్‌కి ముందే, మనిషి తెలివిగా ఉన్నప్పుడే, "రాత్రి కంగారు పడితే ఎవర్ని పిలవమంటారు, ఏం చెయ్యమంటారు" అని ఆయన్నే అడిగి కేస్ షీట్లో రాసుకోవాలి, సంతకం కొడుకు చేత పెట్టించుకుంటే ఆయన్ని అడిగినట్టా? 2017 మానసిక ఆరోగ్య చట్టంలో స్టాఫ్ తక్కువున్నారన్న కారణంతో కట్టెయ్యకూడదని ఉంది. అది మానసిక ఆస్పత్రులకి రాసింది, నిజమే. మామూలు వార్డులో ముసలాయనకి ఆపాటి మర్యాద దక్కొద్దా?

క్లాసు పీకుతున్నానని విసుక్కోకు. ఆయనకి దెబ్బ గట్టిగా తగిలిందా? నీ నోరు విప్పని తనమే నాకు భయంగా ఉంటుంది, ఎవరేమన్నా లోపలే దాచుకుంటావు. మెమోకి కోపంలో జవాబు రాయకు, ముందు నాన్నకి చూపించు. ఆ రాత్రి ఎంతమంది పేషెంట్లు, మీరెంతమంది, డ్యూటీ డాక్టర్ని ఎన్నింటికి పిలిచావు, ఆయనేమన్నాడు, అన్నీ టైముతో సహా రాయి. కాపీ ఒకటి నీ దగ్గరుంచుకో.

అమ్మ