ఫోర్ట్‌నైట్ ఎన్నాళ్లు గుర్తుంటుంది?

ఒరేయ్ రఘూ,

నీ ఉత్తరం చదివాను. నెట్‌లో అందరూ కలిసి ఆడే ఆ తుపాకుల ఆట ఫోర్ట్‌నైట్, ఇంకో ఇరవై ఏళ్లకి ఎవరికైనా గుర్తుంటుందా అని అడిగావు. పేరు గుర్తుంటుందిరా, అందులో నాకు అనుమానం లేదు. ఆడదామంటే ఆటే ఉండదేమోనని నా బెంగ.

2020 ఏప్రిల్‌లో అందులో అమెరికన్ ర్యాపర్ ట్రావిస్ స్కాట్ కచేరీ పెట్టారు కదా, ఒకేసారి కోటీ 23 లక్షల మంది లోపల ఉన్నారు. దాని వీడియో ఇప్పుడూ చూడొచ్చు. ఆ మైదానంలోకి దూకి నిలబడటం మాత్రం ఎవరివల్లా కాదు. మన మిషన్‌లో ఉండేది ఆటలో సగమేరా. బొమ్మలు, శబ్దాలు, బటన్ల పని ఇక్కడ జరుగుతాయి. ఎవరు ఎక్కడున్నారు, ఎవరి తూటా ఎవరికి తగిలింది, ఈ సీజన్‌లో మ్యాప్ ఏది, ఈ లెక్కలన్నీ సర్వర్‌లో, అంటే కంపెనీవాళ్ల కంప్యూటర్లలో ఉంటాయి. అప్‌డేట్ రాగానే పాతది పోతుంది, వెనక్కి వెళ్లే దారి మనకివ్వరు. 2023 నవంబర్‌లో పాత మ్యాప్ తిరిగి తెస్తే ఒక్కరోజులో 4 కోట్ల 47 లక్షల మంది వచ్చి వాలారని ఆ ఆట కంపెనీ ఎపిక్ చెప్పింది. అంటే జనం మర్చిపోలేదన్నమాట. కానీ తాళంచెవి ఎపిక్ చేతిలో ఉంది. వాళ్లు తలుపు తీసినన్నాళ్లే ఆట.

దీని పక్కన డూమ్ అనే పాత తుపాకుల ఆటని పెట్టి చూడు. 1993 డిసెంబర్ 10న వచ్చింది. మ్యాపులు, బొమ్మలు, శబ్దాలు అన్నీ వాడ్ అనే ఫైల్‌లో విడిగా ఉంటాయి, ఆటని నడిపించే ప్రోగ్రామ్, అదే ఇంజిన్, వేరు. అసలు ఫైల్‌ని ముట్టుకోకుండా ఇంకో వాడ్ తగిలిస్తే కొత్త లెవెల్స్ ఆడుకోవచ్చు. 1997లో సోర్స్ కోడ్, అంటే ఆ ఇంజిన్‌ని రాసిన అసలు ప్రోగ్రామ్ కూడా బయటపెట్టారు. అప్పట్నుంచి ఏ కొత్త మిషన్ వచ్చినా ఎవరో ఒకరు డూమ్‌ని అందులోకి ఎక్కిస్తూనే ఉన్నారు. దాన్ని తయారుచేసినవాళ్లలో ఒకడైన జాన్ రొమేరో 2019లో సిజిల్ పేరుతో మరో తొమ్మిది లెవెల్స్ ఇచ్చాడు. ఎంత ముచ్చటేస్తుందో!

టెట్రిస్‌ది ఇంకో బలం. ఏడు రకాల ముక్కలు, 10 గళ్ల వెడల్పు, 20 గళ్ల ఎత్తు, వరస నిండితే మాయం. ఒక్క ఊపిరిలో చెప్పేయొచ్చు. 1984లో మాస్కోలో పజిత్నోవ్ అనే ప్రోగ్రామర్ రాసిన మొదటి టెట్రిస్‌లో బొమ్మలే లేవు, బ్రాకెట్ గుర్తులతోనే ముక్కలు చూపించాడు. అంత తేలికైనది కాబట్టే ఏ మిషన్‌లోనైనా ఒదిగిపోయింది.

ద క్రూ గతి చూస్తే కడుపు తరుక్కుపోతుంది. 2014లో వచ్చిన రేసుల ఆట, 2024 మార్చి 31న సర్వర్లు ఆపేశారు. ఒక్కడే ఆడుకునే భాగానికి కూడా సర్వర్ కావాలి, అందుకని అదీ పోయింది. డిస్క్ చేతిలో ఉన్నా రోడ్డెక్కలేం. ఒక్కోసారి ఆట మిగిలి, ముక్కలుగా అరిగిపోతుంది కూడా: పాటల లైసెన్సు గడువు తీరిందని 2018లో గ్రాండ్ థెఫ్ట్ ఆటో 4 రేడియోలోంచి చాలా పాటలు తీసేశారు. ఆ ఆటలోని నగరానికి సగం ప్రాణం రేడియోనే.

ఇక నీ ఆటల్లో ఏవి మిగులుతాయో నువ్వే పరీక్షించు. నెట్ కేబుల్ పీకి, వైఫై ఆపి, కంప్యూటర్ రీస్టార్ట్ చెయ్. ఆట నడుస్తుండగా నెట్ ఆపితే చాలదు, అంతకుముందు చేసిన లాగిన్ ఇంకా పనిచేస్తూ ఉండొచ్చు. మెనూ తెరుచుకుంటే సంబరపడకు. పాత సేవ్ (ఎక్కడిదాకా ఆడామో దాచిన ఫైల్) తెరిచి, ఆటలో ఒక ఘట్టం ముగించి, సేవ్ చేసి, బయటికొచ్చి మళ్లీ తెరువు. అప్పటికీ నడిస్తే ఆ ఆట నీదే.

జీఓజీ అనే ఆటల వెబ్‌షాపులో కొన్నవాటికి ఆఫ్‌లైన్ ఇన్‌స్టాలర్, అంటే నెట్ లేకుండానే ఎక్కించుకునే ఫైల్ దొరుకుతుంది. పెద్ద ఆటలైతే సెటప్ ఫైల్‌తో పాటు బిన్ ఫైళ్లుంటాయి, ఒక్కటి తక్కువైనా ఇన్‌స్టాల్ మధ్యలో ఆగిపోతుంది. సేవ్‌లు డాక్యుమెంట్స్‌లో గానీ, సేవ్‌డ్ గేమ్స్‌లో గానీ, పైకి కనపడకుండా దాక్కునే యాప్‌డేటా ఫోల్డర్‌లో గానీ ఉంటాయి. ఫోల్డర్ మొత్తం కాపీ చెయ్. తిరిగి పెట్టేముందు క్లౌడ్ సింక్ (సేవ్‌ని నెట్‌లో దాచి, దానంతటదే తెచ్చిపెట్టే ఏర్పాటు) ఆపు, లేకపోతే క్లౌడ్‌లోని ఖాళీ సేవ్ వచ్చి మంచిదాని మీద పడుతుంది. రెండు డ్రైవుల్లో దాచు, వాటిలో ఒకటి హార్డ్ డిస్క్ అయితే మేలు. కరెంటు తగలకుండా ఏళ్ల తరబడి పడేసిన ఎస్‌ఎస్‌డీని (చిప్‌లలో దాచే డ్రైవ్‌ని) నమ్మలేం.

నీ దగ్గరున్న పోకెమాన్ గోల్డ్ ఆట కార్ట్‌రిడ్జ్ (గేమ్ బాయ్ మిషన్‌లో దూర్చే చిన్న డబ్బా) మాత్రం అంతకాలం ఆగదురా. అందులో సేవ్‌ని పట్టి ఉంచేది సీఆర్2025 బటన్ సెల్. గడియారం కూడా దానిమీదే రాత్రింబవళ్లు నడుస్తుంది కాబట్టి అది తొందరగా అరిగిపోతుంది. సెల్ ఊడదీస్తే సేవ్ పోతుంది, కనుక ముందు కార్ట్‌రిడ్జ్ రీడర్‌తో సేవ్‌ని కంప్యూటర్‌లోకి తీసుకో. కొత్త సెల్ రేకులు అతికించి ఉన్నదే కొను. సెల్ మీద నేరుగా టంకం పెడితే వేడికి పేలే ప్రమాదం ఉంది. ప్లస్, మైనస్ పాత సెల్‌కి ఉన్నట్టే ఉండాలి. తర్వాత సేవ్ తిరిగి ఎక్కించి, గడియారం మళ్లీ పెట్టుకో.

నెట్ పీకి చూశాక ఏవి తెరుచుకున్నాయో, ఏవి లాగిన్ దగ్గరే ఆగిపోయాయో రాసి పంపు. సెల్ మార్చాక సేవ్ నిలిచిందో లేదో కూడా చెప్పు.

ఇట్లు
నీ శీను