బడి కుళాయి పిల్లలకు అప్పగించండి

సంపాదకులకు నమస్కారం.

2019 నవంబరు 14న ఒంగోలులో మొదలైన ‘మన బడి నాడు–నేడు’తో ఆంధ్రప్రదేశ్‌లో, 2022లో వచ్చిన ‘మన ఊరు–మన బడి’తో తెలంగాణలో చాలా సర్కారు బడులకు డ్యుయల్ డెస్కులు, ఫ్యాన్లు, నీళ్లొచ్చే మరుగుదొడ్లు సమకూరాయి. వాటిని చూసుకోవడం పిల్లలకు నేర్పే పని మాత్రం గోడ మీద సూక్తి రాయించడం దగ్గరే ఆగిపోయింది. ప్రజల ఆస్తిని కాపాడటం ప్రాథమిక విధి అని రాజ్యాంగం 51ఏ అధికరణంలో ఉన్న మాటను పిల్లలు పరీక్షలో తప్పు లేకుండా రాస్తారు. బయటికొచ్చి చెయ్యి కడుక్కుని కుళాయిని బలంకొద్దీ బిగిస్తారు. అలా బిగిస్తే లోపల ఏమవుతుందో వాళ్లకు ఎవరూ విప్పి చూపించలేదు మరి.

మర కుళాయి లోపల రూపాయి బిళ్ల కంటే చిన్న రబ్బరు వాషరు ఉంటుంది. అది కింది అంచు మీద ఆనితే నీళ్లు ఆగుతాయి. ఆగాక కూడా బిగిస్తూ పోతే రబ్బరు మీద గుండ్రంగా గాటు పడుతుంది, ఆ గాటులోంచి చుక్క కారడం మొదలవుతుంది. కారుతోంది కదా అని తర్వాత వచ్చినవాడు ఇంకాస్త బిగిస్తాడు. చివరికి మర అరిగిపోయి పిడి ఊరికే గిర్రున తిరుగుతుంది. వాషరుతో పోయేదానికి కుళాయే మార్చాల్సి వస్తుంది. ప్లాస్టిక్ కుళాయిలది ఇంకో బాధ. మధ్యాహ్న భోజనం పళ్లేలు కడిగేటప్పుడు పిల్లలు వాటి మీద చెయ్యి ఆనించి వంగుతారు. పైపులోకి దిగే మెడ దగ్గర అవి పుటుక్కున విరుగుతాయి, మర ముక్క లోపలే ఉండిపోతుంది. దాన్ని బయటికి తీయడం కుళాయి మార్చడం కంటే పెద్ద పని.

ఇది పాఠంగా చెప్పడానికి ఒక పీరియడు చాలు. పిల్లల్ని పదిమంది చొప్పున నిలబెట్టి, నీళ్లొచ్చే పైపు మీది గేటు వాల్వు కట్టేసి, కారుతున్న కుళాయి విప్పి, గాటు పడ్డ వాషరును ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి తిప్పించండి. కొత్త వాషరు వాళ్లతోనే వేయించండి. కుళాయి తిరిగి బిగించేటప్పుడు నీళ్లు కారకుండా దాని మర మీద టెఫ్లాన్ టేపు పది చుట్లు చుట్టాలి. మర కొస మన వైపు ఉంచుకుని గడియారం ముల్లు తిరిగే దిక్కునే చుట్టాలి. ఎదురు చుడితే బిగించేటప్పుడు టేపు ఊడి ముద్దకట్టి, కారడం ఆగదు. విప్పడానికి ముందే ఆ కుళాయి కింద ఒక పీరియడు పాటు, అంటే 45 నిమిషాలు, చెంబు పెట్టి కొలిపించండి. రాత్రీపగలూ కలిపి రోజుకు అలాంటి పీరియడ్లు 32. అర లీటరు నిండితే రోజుకు 16 లీటర్లు పోతున్నట్టు. ఈ లెక్క పిల్లలు ఇంటికెళ్లి కూడా చెబుతారు.

డెస్కుల సంగతికొస్తే, చెక్కే పేర్ల కంటే వదులైన బోల్టు ఎక్కువ చేటు చేస్తుంది. ఒక్క నట్టు వదులైతే పలక కదులుతుంది, కదిలేకొద్దీ చెక్కలో బెజ్జం పెద్దదవుతుంది, ఆ తర్వాత ఎంత బిగించినా బోల్టు నిలవదు. కదలడం కనిపించిన వారమే స్ప్రింగు వాషరు వేసి పానాతో బిగిస్తే ఆ డెస్కు ఏళ్లు వస్తుంది. కాళ్ల కింద రబ్బరు బుష్‌లు ఊడాయేమో చూడాలి. ఊడిన కాలు టైల్సును గీకేస్తుంది. అందుకే డెస్కును ఈడ్చకుండా ఇద్దరు చెరోవైపు ఎత్తి జరపాలని మొదటి వారంలోనే చేసి చూపాలి. గది కడిగిన నీళ్లు పలకకు తగిలితే వెంటనే తుడవాలి. లేకపోతే అంచు ఉబ్బి పైపొర లేస్తుంది, లేచిన పొరను పిల్లలు గోళ్లతో పీకుతారు.

ఫ్యాను రెక్క ఒక్కటి వంగినా ఫ్యాను ఊగి బేరింగు పోతుంది. రెక్క పట్టుకుని వేలాడొద్దని చెప్పేటప్పుడు ఈ కారణం కూడా చెప్పండి.

ప్రతి వస్తువుకూ పెయింటుతో నంబరు వేసి, పై తరగతి వారొకరు, కింది తరగతి వారొకరు చొప్పున జంటకు అప్పగించండి. శుక్రవారం చివరి పావుగంట తనిఖీకి కేటాయించండి. నోటు పుస్తకంలో వస్తువు నంబరు, చూసిన తేదీ, లోపం, బాగుచేసిన తేదీ రాయించండి. ఈ ఆఖరి గడి ఖాళీగా ఉంటే మిగతా పాఠమంతా వృథా. లోపం రాసి నెల దాటినా ఎవరూ పట్టించుకోకపోతే మూడోసారి ఆ పిల్ల రాయదు. చిన్న మరమ్మతు మూడు రోజుల్లో అయిపోవాలి. విరిగిందని వచ్చి చెప్పినవాడికే జరిమానా వేస్తే, రేపటి నుంచి విరిగినవన్నీ గది మూలకు చేరతాయి. ముందు చెప్పినందుకు మెచ్చుకుని, బాగుచేసేటప్పుడు పక్కన ఉండి పానా అందించమనండి, చాలు.

ఒక విషయంలో మాత్రం గట్టిగా ఉండాలి. మరుగుదొడ్లు పిల్లలతో కడిగించకూడదు. ఆ పని ఏ పిల్లల మీద పడుతుందో, కులం అందులో ఎలా దూరుతుందో మన ఊళ్లలో అందరికీ తెలుసు. ప్రమాదం కూడా ఉంది. బ్లీచింగ్ పొడి మీద యాసిడ్ పడితే క్లోరిన్ వాయువు వస్తుంది. పిల్లలు నేర్చుకోవాల్సింది వాడాక నీళ్లు పోయడం, ప్యాడ్లు, కాగితాలు మరుగుదొడ్డిలో వేయకుండా మూత ఉన్న డబ్బాలో వేయడం. ఆ డబ్బా పెట్టి, రోజూ ఖాళీ చేయించే బాధ్యత పెద్దలది.

డబ్బు మాటకొస్తే, 101 నుంచి 250 మంది ఉన్న బడికి సమగ్ర శిక్ష పథకం కింద ఏడాదికి రూ.50 వేల గ్రాంటు ఉంది. అందులో కనీసం 10 శాతం స్వచ్ఛతకు ఖర్చుపెట్టాలన్న నియమం ఉంది. విడుదలయ్యేదాకా మరమ్మతులు ఆగకుండా ప్రధానోపాధ్యాయుల చేతిలో కొంత చిల్లర ఖర్చుల సొమ్ము ఉంచాలని విద్యాశాఖను కోరుతున్నాం. 10, 13 నంబర్ల పానాలు, స్క్రూడ్రైవరు, టెఫ్లాన్ టేపు, డజను వాషర్లు, గుప్పెడు నట్లు, బుష్‌లు ఒక పెట్టెలో ఉంటే చాలా పనులు బడిలోనే అయిపోతాయి.

తల్లిదండ్రులతో కూడిన యాజమాన్య కమిటీలకూ ఒక పని ఉంది. రాత్రిళ్లు బడి వరండాలో మందు సీసాలు పగలకుండా చూడటం, ఎన్నికలకు గదులిచ్చాక డెస్కులు లెక్కపెట్టి, కొట్టిన మేకులు పీకించి అప్పగించుకోవడం. పొద్దున్నే గాజుపెంకులు ఏరే పిల్లలకు ఉమ్మడి ఆస్తి గురించి మనం ఏ ముఖంతో చెప్పగలం?

ఏప్రిల్‌లో చివరి పనిదినాన గేటు వాల్వు కట్టేయించి, ట్యాంకు ఖాళీ చేయించి, ఆ నోటు పుస్తకాన్ని తొమ్మిదో తరగతి చేత ఎనిమిదో తరగతికి ఇప్పించండి. జూన్‌లో తాళం తీసిన రోజే వాళ్లు ఆ నంబర్లు చూసుకుంటూ గదులన్నీ తిరిగి రావాలి.

– కొందరు విశ్రాంత ఉపాధ్యాయులు, ప్రకాశం జిల్లా