వలసకు ముందు పెళ్లి వద్దు

సంపాదకులకు,

పనులకు వలస వెళ్తే ఆడపిల్లని ఎవరికి అప్పజెప్పాలన్న టెన్షన్‌తో మా చీపురుపల్లి వైపు తొందరగా పెళ్లి చేసేస్తున్నారు. మొన్న మా అంగన్‌వాడీ కేంద్రానికి వచ్చిన గర్భిణికి పదహారేళ్లు. బరువు 38 కిలోలు. సంచిలో గుడ్ల పక్కన పదో తరగతి సైన్సు పుస్తకం ఉంది. మనసు చివుక్కుమంది.

ఈ వయసు కాన్పుల్లో రక్తహీనత, గుర్రపువాతం (బీపీ పెరిగి ఫిట్స్ రావడం) ముప్పు ఎక్కువ. బిడ్డ రెండున్నర కిలోలైనా తూగకపోవచ్చు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి మన రాష్ట్రంలో 15-19 ఏళ్ల అమ్మాయిల్లో 12.6 శాతం మంది తల్లులో, గర్భిణులో.

ఇలాంటి పెళ్లి ఆపాలంటే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయొచ్చు. పెళ్లైపోయిన పిల్లలకు గర్భనిరోధక మాత్రల గురించి చెబుదామంటే అత్తగార్లు అడ్డుపడతారు, కాబట్టి ముందు వాళ్లతోనే మాట్లాడాలి. అధికారులు ఆడపిల్లలు హాస్టల్లో ఉండి చదువుకునే కస్తూర్బా విద్యాలయాల్లో సీట్లు పెంచి, వలస కుటుంబాల ఆడపిల్లలకు ముందు ఇవ్వాలి.

– ఓ అంగన్‌వాడీ కార్యకర్త, విజయనగరం జిల్లా