బానెట్ తెరిచి కొలిచిన హార్స్‌పవర్

సంపాదకులకు,

స్పోర్ట్స్ కార్లకు బయటి కంపెనీల ఎయిర్ ఇన్‌టేక్‌లు (ఇంజిన్‌కు గాలిని అందించే ఫిల్టర్, పైపుల కిట్‌లు) బిగించుకోవడం గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసంలో, కిట్ మారిస్తే పది పదిహేను హార్స్‌పవర్ పెరుగుతుందని రాశారు. ఆ అంకె ఎలా కొలిచారో రాయలేదు. చిక్కంతా అక్కడే ఉంది.

డైనో (కారును నిలిపి చక్రాలు తిప్పి పవర్ కొలిచే యంత్రం) మీద పరీక్షించేటప్పుడు సాధారణంగా బానెట్ తెరిచి, ఎదురుగా పెద్ద ఫ్యాన్ పెడతారు. ఫిల్టర్‌కు బయటి గాలే అందుతుంది. అదే కారు మే నెల మధ్యాహ్నం బానెట్ మూసుకుని బయోడైవర్సిటీ జంక్షన్ సిగ్నల్ దగ్గర నిలబడితే లెక్క మారిపోతుంది. బయట 40 డిగ్రీలుంటే, రేడియేటర్ వెనక ఏ అడ్డూ లేకుండా పెట్టిన కోన్ ఫిల్టర్ పీల్చే గాలి 65 డిగ్రీలకు చేరడం వింతేమీ కాదు. ఆ 25 డిగ్రీల తేడాకే గాలి సాంద్రత 7 శాతానికి పైగా పడిపోతుంది. 200 హార్స్‌పవర్ ఇంజిన్‌కు అది పద్నాలుగు దాకా నష్టం. పైగా లోపలికొచ్చే గాలి వేడిగా ఉందని గమనించిన ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) నాక్, అంటే పెట్రోల్ మిశ్రమం తనంతట తానే అంటుకుని కొట్టే దెబ్బ, రాకుండా ఇగ్నిషన్ టైమింగ్‌ను (స్పార్క్ కొట్టే క్షణాన్ని) వెనక్కి లాగుతుంది. హైదరాబాద్ సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడ గాలి ఒత్తిడే 95 కిలోపాస్కల్స్ దగ్గర ఉంటుంది. టర్బో (గాలిని ఒత్తి లోపలికి తోసే పంపు) లేని ఇంజిన్‌కు చెన్నైలో దొరికే గాలిలో ఆరు శాతం ఇక్కడ ముందే కోత. మిగిలినదాన్ని కూడా వేడిచేసి ఇవ్వడం దేనికి?

కిట్ కొనకముందే, దానివల్ల ఎంత లాభం రాగలదో తెలుసుకునే చవకైన దారి ఒకటుంది. తాపీమేస్త్రీలు మట్టం చూసే పారదర్శకమైన గొట్టం మూడు మీటర్లు తీసుకోండి. దాన్ని యూ ఆకారంలో వంచి, ఒక్కో కాలు మీటరు ఉండేలా చెక్కకు కట్టి, రంగు కలిపిన నీళ్లు సగం దాకా పోయండి. ఒక కొస గాలికి వదిలేసి, రెండో కొసను ఎయిర్ బాక్స్‌లో (ఫిల్టర్ ఉండే పెట్టెలో) ఫిల్టర్ దాటాక ఉన్న భాగానికి కలపండి. డైనో మీద ఫుల్ థ్రాటిల్‌లో (యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి) రెడ్‌లైన్ దాకా, అంటే ఇంజిన్ గరిష్ఠ వేగం దాకా, తీసుకెళ్లి, రెండు కాళ్లలో నీటి మట్టాల తేడా చూడండి. ఓఆర్ఆర్ (అవుటర్ రింగ్ రోడ్డు) మీద ఈ పని వద్దు. ప్రతి 10 సెంటీమీటర్లు ఇక్కడి గాలి ఒత్తిడిలో ఒక శాతం. తేడా 20 సెంటీమీటర్లు వచ్చిందనుకోండి, ప్రపంచంలో ఏ ఇన్‌టేక్ పెట్టినా, ఫిల్టర్ దాకా ఉన్న అడ్డంకి మొత్తం మాయమైనా, దానివల్ల పెరిగేది రెండు శాతం చుట్టుపక్కలే. ముందు పాత ఫిల్టర్ తీసి కొత్త కాగితం ఫిల్టర్ వేసి మళ్లీ కొలవండి. కొందరికి లాభం అక్కడే తేలిపోతుంది.

టర్బో కార్ల సంగతి కొంచెం వేరు. ఈసీయూ నిర్ణీత బూస్ట్ (టర్బో ఇచ్చే అదనపు గాలి ఒత్తిడి) కోసమే పనిచేస్తుంది కాబట్టి, ట్యూన్ (ఈసీయూలోని ప్రోగ్రామ్) మార్చకుండా ఇన్‌టేక్ ఒక్కటే మారిస్తే టర్బో శ్రమ కాస్త తగ్గుతుందేమో గానీ చక్రాల దగ్గర పెద్ద తేడా కనపడదు. పెద్ద టర్బో వేసి, బూస్ట్ పెంచి ట్యూన్ చేయించినవారికి మాత్రం కారుతో వచ్చిన కంపెనీ బాక్స్ నిజంగానే ఇరుకవుతుంది. వారు కొనాల్సిందే.

కొనేటప్పుడు చూడాల్సింది అల్యూమినియమా, కార్బన్ ఫైబరా అన్నది కాదు. రెండు లీటర్ల ఇంజిన్ 6500 ఆర్‌పీఎం దగ్గర సెకనుకు సుమారు 108 లీటర్ల గాలి మింగుతుంది. 70 మిల్లీమీటర్ల వెడల్పు, 60 సెంటీమీటర్ల పొడవు ఉన్న పైపులో పట్టేది 2.3 లీటర్లే. అంటే గాలి ఆ పైపులో ఉండేది సెకనులో యాభయ్యో వంతు. అంతలో ఏం వేడెక్కుతుంది? వేడి తగలకుండా పైపుకు చుట్టే టేపులూ అంతే. గాలి మూతి ఎక్కడుందన్నదే ముఖ్యం. ఫిల్టర్ చుట్టూ పూర్తిగా మూసిన బాక్స్ ఉండాలి, దాని మూతి గ్రిల్ వెనక బయటి గాలికి తెరుచుకోవాలి, మూత అంచుకు రబ్బరు సీల్ ఉండాలి. నిజం చెప్పాలంటే ఈ లక్షణాలన్నీ చాలా కార్ల కంపెనీ బాక్స్‌కే ఉంటాయి. అందుకే నగరంలో తిరిగే కారుకు అదే బాక్స్‌లో మంచి ప్యానెల్ ఫిల్టర్ వేసుకోవడమే నా సలహా. శబ్దం కోసమే కిట్ కావాలనుకుంటే తప్పు లేదు, శబ్దానికే డబ్బు ఇస్తున్నామని తెలిసి ఇవ్వాలి.

మాఫ్ సెన్సర్ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని లెక్కగట్టేది) దగ్గర జరిగే పొరపాటు వీటన్నిటికన్నా ఖరీదైనది. ఆ సెన్సర్ గాలి మొత్తాన్ని కొలవదు. తన తీగను తాకిన కొంత గాలిని చూసి, పైపు వెడల్పు ఇంత అన్న లెక్కతో మిగతాది ఊహిస్తుంది. 70 మిల్లీమీటర్ల చోట 76 పెడితే వైశాల్యం 18 శాతం పెరిగి, గాలి వేగం 15 శాతం తగ్గుతుంది. సెన్సర్ గాలి తక్కువ వస్తోందనుకుంటుంది, ఈసీయూ పెట్రోల్ తక్కువ పోస్తుంది. మామూలు నడకలో ఆక్సిజన్ సెన్సర్ ఈ లోటును సర్దుతుంది, కానీ చాలా కార్లలో ఫుల్ థ్రాటిల్‌లో ఆ దిద్దుబాటు ఉండదు. నాక్ వచ్చి పిస్టన్ దెబ్బతినేది అప్పుడే. కాబట్టి సెన్సర్ ఉన్న చోట లోపలి వ్యాసాన్ని కాలిపర్‌తో కొలిచి, కంపెనీదానితో సమానంగా ఉంటేనే తీసుకోండి. బిగించాక ఓబీడీ స్కానర్‌లో (కారు కంప్యూటర్‌కు తగిలించి చూసే పరికరంలో) లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్, అంటే ఈసీయూ పెట్రోల్‌ను ఎంత శాతం పెంచి లేదా తగ్గించి సర్దుతోందో చెప్పే అంకె, చూడండి. ప్లస్ లేదా మైనస్ 5 లోపు ఉంటే సరే. ప్లస్ 10 దాటితే వ్యాసం తేడా, లేదా ఎక్కడో గాలి లీకు. క్రాంక్‌కేస్ బ్రీదర్ గొట్టం (ఇంజిన్ అడుగు భాగంలోని ఆవిరిని ఇన్‌టేక్‌కు తెచ్చేది) తిరిగి కలపడం మరిచిపోవడం, క్లిప్పు మరీ బిగించి సిలికాన్ జాయింట్ కోసేయడం తరచుగా కనిపించే కారణాలు. పీ0171 కోడ్ (గాలికి తగ్గ పెట్రోల్ అందడం లేదన్న హెచ్చరిక) పడితే ముందు వీటినే వెతకాలి.

నూనె రాసే కాటన్ ఫిల్టర్‌కు ఇంకో బెడద ఉంది. కడిగాక నీడలో పూర్తిగా ఆరనిచ్చి, మడతల వెంట పలుచగా నూనె వేసి వదిలేయాలి. ఎక్కువైతే అది వెళ్లి మాఫ్ తీగకు పట్టుకుంటుంది. శుభ్రం చేయడానికి మాఫ్ క్లీనర్ స్ప్రేనే వాడాలి, కార్బ్యురేటర్ క్లీనర్ కాదు. కోకాపేట, నార్సింగి వైపు ఎగిరే ధూళిలో గ్రానైట్ పొడి ఉంటుంది. అందులోని క్వార్ట్జ్ సిలిండర్ గోడలకు ఇసుక కాగితం లాంటిది. ఫిల్టర్ కంపెనీని ఐఎస్ఓ 5011 (ఎయిర్ ఫిల్టర్ల అంతర్జాతీయ ప్రమాణం) పరీక్షలో ధూళిని ఎంత శాతం ఆపిందో అడగండి. గాలి ఎంత పోతుందో మాత్రమే చెబితే సగం సమాధానమే.

వానాకాలం సంగతి మీ వ్యాసంలో లేనే లేదు. బంపర్ మూలలో, చక్రం పక్కన కిందికి దిగే కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్ గాలికి మంచిదే, మలక్‌పేట రైలు వంతెన కింద నీళ్లు నిలిచిన రోజున కాదు. 500 సీసీ సిలిండర్, 10:1 కంప్రెషన్ (పిస్టన్ కిందున్నప్పటి చోటు పదో వంతుకు కుదించుకుపోవడం) ఉంటే పిస్టన్ పైకొచ్చినప్పుడు మిగిలే చోటు 55 మిల్లీలీటర్లు, అంటే ఇరానీ చాయ్ కప్పులో సగం పైచిలుకు. అంతకు మించి నీళ్లు పోతే పిస్టన్ పైకి రాలేదు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. నీళ్లలో ఇంజిన్ ఆగితే మళ్లీ సెల్ఫ్ కొట్టకుండా టోయింగ్ బండిని పిలవాలి. ఇంజిన్ ప్రొటెక్షన్ యాడ్-ఆన్ లేని పాలసీలో ఈ ఖర్చు సాధారణంగా రాదు. యాడ్-ఆన్ ఉన్నా, ఇన్‌టేక్ మార్చిన సంగతి బీమా కంపెనీకి ముందే రాతపూర్వకంగా తెలియజేయాలి.

మరోసారి ఇలాంటి వ్యాసం వేసేటప్పుడు హార్స్‌పవర్ అంకె పక్కనే మూడు వివరాలు అచ్చేయమని మనవి: కొలిచినప్పుడు బానెట్ తెరిచి ఉందా మూసి ఉందా, ఇన్‌టేక్ గాలి ఉష్ణోగ్రత ఎంత, పాత ఇన్‌టేక్‌ను తిరిగి బిగించి మళ్లీ కొలిచారా లేదా.

— ఒక పాఠకుడు, కూకట్‌పల్లి, హైదరాబాద్