బుజ్జికి నాన్న ఉత్తరం

శ్రీకాకుళం
9-11-2025, ఆదివారం

అమ్మా బుజ్జీ,

ఎలగున్నావు? ఇక్కడ మేం బాగున్నాం. ఫార్వర్డు మెసేజీలు పంపొద్దన్నావు కదా, సరే మానీసాను, ఇకమీద చెప్పాల్సింది ఏటున్నా నేనే రాస్తాను, పొడుగైతే నువ్వే భరించాలి మరి.

ఎదురింటి మాస్టారు తెల్సు కదా, ఆయనది వీధిలో ఒకటే గోల. ఆకాశంలోంచి ఏదో వస్తందట, తోకచుక్క అని చెప్తన్నారు గానీ అది గ్రహాంతరవాసుల ఓడట, యూట్యూబులో చూసాడట. నేను కూర్చుని వెతికాను. దాని పేరు 3ఐ అట్లాస్, జులై 1న చిలీలో ఉన్న టెలిస్కోపుకి దొరికింది. మన సూర్యుడి కింద పుట్టింది కాదు, వేరే ఎక్కడో నక్షత్రాల మధ్య నించి వచ్చింది, అలాంటివి మనుషుల కంట పడ్డం ఇది మూడోసారి, 2017లో ఒకటి, 2019లో ఒకటి. గంటకి 2 లక్షల కిలోమీటర్లకి పైనే స్పీడు. అంత స్పీడులో ఉన్నదాన్ని సూర్యుడు కూడా పట్టి ఉంచలేడు, కొంచెం దారి వంచగలడంతే, అక్టోబరు ఆఖర్లో ఆయన పక్క నించి తిరిగి దాని దారిన అది పోతంది, మన బస్సుల కాంప్లెక్సులోకి రాకుండా హైవే మీంచే చక్కా పోయే నాన్‌స్టాప్ బస్సు లాగ. భూమికి బాగా దగ్గరగా వచ్చేది డిసెంబరు 19న, ఆ దగ్గర ఎంతనుకున్నావు, 27 కోట్ల కిలోమీటర్లు! చందమామ ఉన్నది 3 లక్షల 84 వేల కిలోమీటర్లలో. భాగారిస్తే సుమారు 700 వచ్చింది, అంటే చందమామకి 700 రెట్లు అవతల నించి పోతాది. మాస్టారికి ఇది చెప్తే మొహం మాడిపోయింది, "అయితే ఏటీ అవ్వదంటావా" అన్నాడు. పాపం ఆయనకి ఏదో ఒకటి అవ్వాలని ఉంది.

నాకు లెక్క చూస్తే గానీ నిద్ర పట్టదు, తెల్సు కదా. సర్వీసంతా టికెట్లు కొట్టి, స్టేజి స్టేజికీ టికెట్ల లెక్క, అదే ఎస్సార్, రాసి, డిపోలో డబ్బు కట్టి వచ్చినోడిని. మీ అమ్మ దీన్ని రోగం అంటాది గానీ మొన్న ఆవిడే ఒక లెక్క తెచ్చింది. అరసవల్లిలో మార్చి 9, 10, 11 తారీఖుల్లో, మళ్ళీ అక్టోబరు 1, 2, 3 తారీఖుల్లో తెల్లారి ఎండ తిన్నగా లోపలికొచ్చి స్వామి పాదాల మీద పడతాది కదా, రెండుసార్లే ఎందుకు, అందులోనూ ఆ తారీఖులే ఎందుకు అని. కేలండరు తీసాను. డిసెంబరు 21 దాకా సూర్యుడు దక్షిణానికి జరుగుతా పోతాడు, అక్కడ నించి వెనక్కి తిరుగుతాడు. అక్టోబరు 2 నించి డిసెంబరు 21 కి 80 రోజులు. డిసెంబరు 21 నించి మార్చి 10 కి 79 రోజులు. చూసావా, వెళ్ళేటప్పుడు ఒకసారీ వచ్చేటప్పుడు ఒకసారీ తూర్పున ఇంచుమించు అదే చోట పొడుస్తన్నాడు, గుమ్మాల వరస ఆ చోటుకి ఎదురుగా పెట్టీసారు, అంతే. కట్టించింది 7వ శతాబ్దంలో కళింగ రాజు దేవేంద్రవర్మ అని చెప్తారు, ఎవరు కట్టినా ముందు ఏళ్ళ తరబడి పొద్దున్నే లేచి పొద్దు ఎక్కడ పొడుస్తందో చూసుకుని గుర్తు పెట్టుకున్నోళ్ళు ఉండుండాలి కదా, నాకు వాళ్ళ మీదే గౌరవం ఎక్కువ. ఇదంతా మీ అమ్మకి చెప్తే అంతా విని, "అయితే ఏడాదికి రెండుసార్లు తీసుకెళ్ళాల్సిందే నువ్వు" అంది. ఇప్పుడు ఆవిడకి నా అవసరం కూడా లేదులే, ఆగస్టు 15 నించి ఆడోళ్ళకి బస్సు ఫ్రీ అయింది కదా, ఆధార్ కార్డు పట్టుకుని జీరో టికెట్ మీద రాజాం అనీ పాలకొండ అనీ చుట్టాలందర్నీ చూసి వస్తంది, నేనిక్కడ పప్పుచారు కాసుకుంటన్నాను.

కాశీబుగ్గ సంగతి ఫోన్లో సరిగ్గా మాట్లాడలేదు నీతో. నవంబరు 1, శనివారం, ఏకాదశి. వెంకటేశ్వరస్వామి గుడిలో 9 మంది పోయారు, ఎక్కువ మంది ఆడోళ్ళే. టీవీలో అదే చూపిస్తంటే మీ అమ్మ కట్టీమంది, కట్టీసాను. తొక్కిసలాట అని రాస్తారు గానీ చాలాచోట్ల జనం కింద పడి తొక్కితేనే పోతారని కాదు, నిలబడ్డచోటే ఊపిరాడక పోతారు. ఊపిరి తీసుకోవాలంటే ఛాతీ పొంగాలి కదా, నాలుగు వైపుల నించీ నొక్కీస్తే పొంగడానికి చోటు ఉండదు. ఒక మీటరు పొడుగు మీటరు వెడల్పు జాగాలో నలుగురుంటే ఇరుకుగానే ఉంటాది గానీ కదలొచ్చు, అది ఆరుగురు ఏడుగురు అయిందంటే నీ కాళ్ళు నీ మాట వినవు, జనం ఎటు ఊగితే నువ్వూ అటే. వెనకున్నోడికి ముందు ఏటి జరుగుతందో కనబడదు, వాడు మామూలుగానే తోస్తా ఉంటాడు, వాడిలో చెడ్డతనం ఏమీ లేదు. సియోల్లో ఇటేవాన్ అనే చోట 2022 అక్టోబరు 29న ఒక ఇరుకు సందులో 150 మందికి పైగా ఇలాగే పోయారు, ఎక్కువ మంది నీ వయసు పిల్లలే.

రథసప్తమికి అరసవల్లి స్పెషల్ బస్సుల్లో నేను ఎన్నేళ్ళు చేసానో నీకు తెల్సు. కాంప్లెక్సులో బస్సు ఆగీ ఆగకుండానే జనం మీద పడిపోతారు, దిగేవోళ్ళు దిగనే లేదు, ఎక్కేవోళ్ళు ఎక్కీస్తన్నారు, ఇద్దరూ ఆ ఒక్క డోర్లోనే. నేను డోరుకి అడ్డంగా రెండు చేతులూ పెట్టి నిలబడిపోయేవాణ్ణి, "ముందు దిగనీండమ్మా, దిగనీండి" అని అరిచి అరిచి గొంతు పోయేది, తిట్టేవోళ్ళు తిట్టేవారు, గవర్నమెంటు బస్సు నీ బాబుదేటి అని. తిడితే తిట్టారు. కాశీబుగ్గలో ఎక్కేదీ దిగేదీ ఒకటే మెట్లదారి అని, రైలింగు ఊడిపోయిందని పేపర్లో చదివినప్పుడు నాకు ఆ డోరే గుర్తొచ్చింది. ఎన్ని వందల మంది భక్తులొస్తారో ముందే లెక్క వేసుకుని లోపలికి ఇంతమందే అని ఆపే మనిషి ఒకడు గుమ్మం దగ్గర ఉండాలి, వాడికి తిట్లు పడతాయి, ఆ తిట్లు తినడానికి జీతమిచ్చి పెట్టుకోవాలి. ఇంతకన్నా నాకు పెద్ద సైన్సు ఏటీ తెల్దు.

నీకు ఇదంతా ఎందుకు రాస్తన్నానంటే జూన్ 4న మీ బెంగళూరులో జరిగింది కదా, ఆర్సీబీ కప్పు గెలిచిందని చిన్నస్వామి స్టేడియం దగ్గర 11 మంది పోయారు. ఆ సాయంత్రం నువ్వు ఫోనెత్తేదాకా మీ అమ్మ దీపం దగ్గర నించి లేవలేదు. కాబట్టి విను. జనం ఎక్కువైపోతన్నారు అని అనిపించిన నిమిషమే బైటికొచ్చీ, ఇంకా ముందుకెళ్తే బాగా కనబడతాది అనుకోకు. ఇరుక్కుపోతే చేతులు కిందకి వదిలీకు, బాక్సింగ్ చేసేవోడిలా ఛాతీకి ముందు అడ్డం పెట్టుకో, ఊపిరికి కాస్త జాగా ఉంటాది. జనానికి ఎదురు తొయ్యకు, వాళ్ళతోపాటే కదుల్తూ ఐమూలగా పక్కకి పక్కకి జరుగు. కింద పడ్డ చెప్పు కోసం, ఫోను కోసం చచ్చినా వొంగకు. ఫోను మళ్ళీ కొనుక్కుందాం.

కాశీబుగ్గలో అది జరిగిన మర్నాడే, ఆదివారం, ఆడోళ్ళ క్రికెట్ ప్రపంచకప్ ఫైనల్, మనకీ దక్షిణాఫ్రికాకీ. చూడాలా వద్దా అని కూర్చుని, చివరికి చూసాం. వాన వల్ల లేటుగా మొదలై అర్ధరాత్రి దాటిపోయింది, మీ అమ్మ కూడా కూర్చుంది, ఆవిడకి ఎల్బీడబ్ల్యూ అంటే ఏటో తెల్దు గానీ దీప్తి శర్మ అంటే ప్రాణం. 58 పరుగులు కొట్టి 5 వికెట్లు తీసింది ఆ పిల్ల, ఫైనల్లో! షెఫాలీ వర్మ సంగతి ఇంకా చిత్రం, అసలు టీమ్‌లో లేదు, ప్రతికా రావల్‌కి దెబ్బ తగిలితే ఆఖర్న పిలిచారు, వచ్చి 87 కొట్టి రెండు వికెట్లు కూడా తీసింది. మనోళ్ళు 298, వాళ్ళ కెప్టెన్ వోల్వార్ట్ సెంచరీ చేసి ఇంకా ఆడతంటే నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు, అమన్‌జోత్ ఆ కేచ్‌ని ఒకసారి జార్చి, రెండోసారి జార్చి, మూడోసారి పట్టింది, అప్పుడు మాస్టారింట్లోంచి కేక వినబడింది, అంటే ఆయనా ఓడ సంగతి మర్చిపోయి చూస్తన్నాడన్నమాట. 246కి అంతా ఔట్. మన శ్రీచరణి కడప పిల్లని తెల్సు కదా, టోర్నీలో 14 వికెట్లు.

ఇప్పుడు అందరూ ఆడపిల్లల్ని క్రికెట్ కోచింగుకి పంపుతాం అంటన్నారు, మంచిదే. కానీ మనోళ్ళు ఒకటి మర్చిపోయారు అనిపిస్తాది నాకు. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట పిల్ల, కరణం మల్లీశ్వరి, 2000లో సిడ్నీలో బరువులెత్తే పోటీలో కంచు పతకం తెచ్చింది, మన దేశంలో ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి ఆడమనిషి. ఆవిడ లెక్క నాకు నోటికొచ్చు. స్నాచ్‌లో, అంటే ఒక్క ఊపులో తలపైకి ఎత్తేదాంట్లో 110, తర్వాత రెండు దఫాలుగా ఎత్తేదాంట్లో 130, మొత్తం 240 కిలోలు. ముందున్న ఇద్దరిదీ 242.5. ఆఖరి ఛాన్సుకి బార్ మీద 137.5 పెట్టించుకుంది, అది లేవలేదు. డిపోలో మా డ్రైవరు ఒకాయన రిటైరయ్యేదాకా దీని మీద నాతో వాదించాడు, 135 పెట్టుకుంటే 245 అయ్యేది, బంగారం వచ్చేది కదా అని. లెక్క కరెక్టే. కానీ లక్షమంది టీవీ ముందు కూర్చుని చేసే లెక్క వేరు, ఆ బార్ ముందు నిలబడి చేసే లెక్క వేరు, పెద్ద బరువుకి వెళ్ళడమే నాకు నచ్చింది. దీని మీద నీ అభిప్రాయం రాయి, డ్రైవరుగారు ఇప్పటికీ ఫోన్ చేస్తంటాడు.

మొన్న అక్టోబరు 28న మొంథా తుఫాను కాకినాడ వైపు పోయింది, మనకి వానలే. ఆ పేరు థాయ్‌లాండ్ పెట్టిందట, 2014లో హుద్‌హుద్‌కి ఒమన్, 2018లో తిత్లీకి పాకిస్తాన్. పేరు ఏ దేశం పెడితే ఏటి, కొబ్బరిచెట్లు పోయింది ఉద్దానంలో కదా అంది మీ అమ్మ. తిత్లీ తర్వాత ఆ పక్క రూటులో వెళ్తే రోడ్డుకి రెండు వైపులా ఆకాశం కనబడేది, అప్పటిదాకా ఎప్పుడూ కనబడని ఆకాశం.

సినిమాలేవీ చూడలేదు ఈ మధ్య. ఫిబ్రవరిలో తండేల్ చూసాం, నీకు చెప్పాను కదా, సాయి పల్లవి బాగుంది, యాస అక్కడక్కడా మనదిలా ఉంది, అక్కడక్కడా కాకినాడ దాటిపోనాది. డి.మత్స్యలేశం వోళ్ళ కథే, 2018లో గుజరాత్ నించి వేటకెళ్ళి పాకిస్తాన్‌కి దొరికిపోయి 2020 జనవరిలో ఇంటికొచ్చారు. ప్రేమ కథ సరే గానీ నాకు కావల్సిన లెక్క అందులో లేదు. మన జిల్లా తీరం 193 కిలోమీటర్లు, రాష్ట్రంలో ఏ జిల్లాకీ అంత లేదు. అంత సముద్రం ఇంటి ముందు పెట్టుకుని మనోళ్ళు రైలెక్కి వెరావల్ దాకా పోయి వేరేవోడి బోటులో ఎందుకు వేటాడాలి? ఇక్కడ పెద్ద బోటు కట్టుకోడానికి సరైన హార్బరు లేక. ఇంటర్వెల్లో నా పక్కన కూర్చున్న ఎచ్చెర్ల ఆయన ఈ మాటే అన్నాడు, పాట బాగుంది, జెట్టీ ఏదీ అని.

సరే, పనికొచ్చే సంగతి. రైలు టికెట్లు ఇప్పుడు 60 రోజుల ముందే ఇస్తన్నారు, జనవరి 10 శనివారం ప్రయాణానికి ఎల్లుండి మంగళవారం పొద్దున్న 8 గంటలకి ఓపెన్ అవుతాది. ప్రశాంతి చూడు, ఆమదాలవలసలో దిగిపోవచ్చు. 7:55కే లాగిన్ అయి ఉండు, పేర్లూ వయసులూ ముందే సేవ్ చేసుకో, సంక్రాంతి కాబట్టి రెండు నిమిషాల్లో వెయిటింగ్ లిస్టు వచ్చీస్తాది. కన్ఫర్మ్ అయితే నాకు పీఎన్నార్ పంపు. అవ్వకపోతే ఊరుకుని కూర్చోకు, వెంటనే ఫోన్ చెయ్యి, విశాఖ దాకా వేరే బండి చూసి అక్కడ నించి మన బస్సులో ఎక్కిద్దాం, నీకు ఎలాగూ జీరో టికెట్టే, ఆధార్ మర్చిపోకు.

మీ నాన్న