నక్సలిజానికి గడువు పెట్టారు, మరి చట్టానికి?

సంపాదకులకు,

గోదావరికి ఇవతలి ఒడ్డున, మహారాష్ట్రలోని సిరొంచలో తహసీలు ఆఫీసు దగ్గర నాకు జిరాక్స్, టైపింగ్ షాపు ఉంది. ఇక్కడ ఇంట్లో తెలుగు, ఆఫీసులో మరాఠీ. ఊళ్లవాళ్లు తెలుగులో చెప్పుకుంటారు, నేను మరాఠీలో అర్జీ కొట్టిస్తాను. నక్సలిజాన్ని అణచాలని తెచ్చిన మహారాష్ట్ర ప్రత్యేక ప్రజా భద్రత బిల్లు మీద మీ పత్రికలో వచ్చినవి చదివాక రాయాలనిపించింది.

ఆ బిల్లును 2025 జులై 10న శాసనసభ, మర్నాడు మండలి ఆమోదించాయి. శాసనసభలో వద్దని నిలబడ్డది ఒక్క సీపీఎం ఎమ్మెల్యే. అంతకుముందు సంయుక్త కమిటీకి 12 వేలకు పైగా సలహాలు, అభ్యంతరాలు వచ్చాయి. వాటి వల్ల కొన్ని మంచి మార్పులు జరిగాయి. దర్యాప్తు ఎస్సై చేతిలో కాకుండా డీఎస్పీ స్థాయి అధికారి చేతిలో పెట్టారు. సంఘాలపై పెట్టిన నిషేధం సబబో కాదో చూసే సలహా మండలికి హైకోర్టు జడ్జి లేదా మాజీ జడ్జి అధ్యక్షుడు. ఇంతవరకు సంతోషమే. కానీ 'చట్టవిరుద్ధ కార్యకలాపం' అంటే ఏమిటో చెప్పే భాగం చాలా వెడల్పుగా ఉంది. తుపాకీ పట్టినవాడే కాదు, యంత్రాంగం పనికి అడ్డుపడ్డాడని చెప్పి ఎవరినైనా అందులోకి లాగొచ్చు. కేసు పడితే నాన్ బెయిలబుల్.

మేడిగడ్డ బ్యారేజీ 2019లో మొదలయ్యాక మా తాలూకా రైతుల పొలాలు బ్యాక్ వాటర్‌లో మునిగాయి. పరిహారం కోసం ఇదే తహసీలు ఆఫీసు ముందు టెంటు వేసుకుని కూర్చున్నారు. వాళ్ల అర్జీల్లో కొన్ని నేనే టైప్ చేశాను. రేపు అలా కూర్చున్నవాళ్లను ఈ చట్టం కింద లోపల వేయరని ఎవరు హామీ ఇస్తారు? మాట వరసకు మంత్రులు ఇచ్చే హామీ కాదు నేనడిగేది, చట్టంలో రాసిన హామీ.

ఇంద్రావతి వైపు ఊరి నుంచి ఒకామె వచ్చింది. కొడుకును పోలీసులు పూఛ్‌తాఛ్‌కు, అంటే విచారణకు పిలిచి, ఫోన్ ఉంచుకుని పంపేశారట. రసీదు లేదు. "అక్కా, కాగితం ఉంటేనే కదా అడిగేది" అంది. ఫోన్ డబ్బా వెంట తెచ్చుకుంది. దాని మీది ఐఎంఇఐ నంబరు చూసి ఒక్కో అంకె టైప్ చేశాను. అర్జీ తీసుకున్నారు గానీ పోచ్ ముద్ర, అంటే అందినట్టు ముద్ర, వేసి ఇవ్వలేదు. మిరపకాయ కోతలు వదులుకుని ఆమె మళ్లీ రావాల్సి వచ్చింది. పెద్ద దారుణమేమీ కాదని అనుకోవచ్చు. ఫోన్‌కే రసీదు ఇవ్వని చోట మనిషిని తీసుకెళ్తే లెక్క ఎవరు చెప్తారు?

నేను పోలీసులకు వ్యతిరేకిని కాను. 2019 మే 1న మా జిల్లాలోని జాంభుల్‌ఖేడా దగ్గర నక్సల్స్ పెట్టిన మందుపాతర పేలి 15 మంది పోలీసులు, వాళ్ల డ్రైవరు చనిపోయారు. ఆ డ్రైవరు ప్రైవేటు మనిషి, బండి కిరాయికి వచ్చినవాడు. ఆ రోజు మా షాపు సందులో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. ఆ భయం పోవాలని మా అందరికీ ఉంది, పోతోంది కూడా. పెద్దపల్లి బిడ్డ, మావోయిస్టు అగ్రనేత మల్లోజుల వేణుగోపాల్‌రావు 2025 అక్టోబరులో మా గడ్చిరోలిలోనే 60 మందితో ముఖ్యమంత్రి ముందు ఆయుధాలు అప్పగించాడు. 2026 మార్చి 31కల్లా నక్సలిజం లేకుండా చేస్తామని కేంద్ర హోంమంత్రి అమిత్ షా గడువు పెట్టారు.

పోరుకు గడువు పెట్టినవాళ్లు చట్టానికి ఎందుకు పెట్టలేదు? ఉగ్రవాదాన్ని అణచాలని కేంద్రం తెచ్చిన టాడా చట్టానికి గడువుండేది. పొడిగించాల్సి వచ్చినప్పుడల్లా పార్లమెంటుకు రావాల్సి వచ్చేది. చివరికి 1995లో పొడిగించకుండా వదిలేశారు, చట్టం పోయింది. గడువే లేకపోతే మళ్లీ ఆ చర్చ తెచ్చేదెవరు?

దక్షిణ కొరియాలో 2024 డిసెంబరు 3 రాత్రి అధ్యక్షుడు యూన్ దేశ భద్రత పేరు చెప్పి మార్షల్ లా పెట్టాడు. సైనికులు పార్లమెంటులోకి వచ్చినా 190 మంది సభ్యులు ఎలాగో లోపలికి చేరి, తెల్లారకముందే దాన్ని ఎత్తేయాలని ఓటేశారు. ఏప్రిల్‌కల్లా ఆయన పదవి పోయింది. భద్రత అన్న మాట వినగానే సభ నోరు మూసుకోవాల్సిన పనిలేదని దీంతో తెలుస్తుంది. అవతలి ఒడ్డున ఉన్న మీ పాఠకులకూ ఇది దూరపు సంగతి కాదు. ఉమ్మడి రాష్ట్రం 1992లో తెచ్చిన ప్రజా భద్రత చట్టం కిందే తెలంగాణ ప్రభుత్వం 2021లో 16 సంఘాలను నిషేధించి, అదే ఏడాది వెనక్కి తీసుకుంది.

ఎన్‌కౌంటర్ మరణాలపై మెజిస్టీరియల్ విచారణ జరగాలని, డీజీపీలు ఆరు నెలలకోసారి జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు వివరాలు పంపాలని సుప్రీంకోర్టు 2014లోనే చెప్పింది. ఆ లెక్కేదో మాకూ చెప్పండి. ఈ చట్టం కింద ఎందరిని పట్టుకున్నారు, ఎందరిని వదిలారు, సలహా మండలి ఏమంది అన్నది ఏటా శాసనసభలో పెట్టాలి. దాని నకలు మా తహసీలు నోటీసు బోర్డు మీద మరాఠీలో, తెలుగులో, గోండీలో అంటించాలి. తెలుగుది ఉచితంగా టైప్ చేసి ఇస్తాను. నాగపూర్ శీతాకాల సమావేశాల్లో మా అహేరి ఎమ్మెల్యే ఈ ప్రశ్న అడగాలని కోరుతూ సంతకాలు సేకరిస్తున్నాం. కాగితం షాపులోనే ఉంది.

- ఒక టైపింగ్ షాపు నిర్వాహకురాలు, సిరొంచ, గడ్చిరోలి జిల్లా