కాంటెస్ట్‌కు ముందు నాలుగు మాటలు

కాకినాడ,
అక్టోబర్ 14.

చిరంజీవి కార్తీక్‌కు అమ్మ దీవించి వ్రాయునది.

ఇక్కడ మేమందరం క్షేమం. నీవు మొన్న ఫోన్‌లో అడిగిన ప్రశ్నకు అప్పుడే "కుదరదు" అని ఒక్క మాటలో జవాబు చెప్పి ఊరుకోగలిగేదాన్ని. కానీ ఈ నెలాఖరున నీ సొంత కాల్‌సైన్‌తో, అంటే లైసెన్స్‌తో వచ్చిన నీ స్టేషన్ పేరుతో, మొదటిసారి వీలైనన్ని దేశాలవారితో మాట్లాడే సీక్యూ వరల్డ్ వైడ్ హ్యామ్ రేడియో కాంటెస్ట్‌లో కూర్చోబోతున్నావు కనుక, ఎందుకు కుదరదో, దానితోపాటు తెలిసి ఉండవలసినవేమిటో వివరంగా వ్రాద్దామనిపించింది. నీవు అడిగినది ఇది: క్లబ్ గదిలోని కంప్యూటర్‌లో డీఎక్స్ క్లస్టర్ విండో ఎప్పుడూ తెరిచే ఉంటుంది, దాన్ని చూసీ చూడనట్లు ఉండి, మాట్లాడిన స్టేషన్ల పట్టికను, అదే లాగ్‌ను, పంపేటప్పుడు సింగిల్ ఆపరేటర్ (ఏ సహాయమూ లేని ఒంటరి పోటీదారు) అని పెట్టుకుంటే తప్పేమిటి, అయినా ఎవరికి తెలుస్తుంది?

క్లస్టర్ చూడడం తప్పు కాదు, నాన్నా. ఏ స్టేషన్ ఏ ఫ్రీక్వెన్సీలో ఉన్నదో ప్రపంచం నలుమూలలవారూ ఒకరికొకరు చెప్పుకునే ఏర్పాటు అది, దానిని వాడుకునేవారి కోసమే సింగిల్ ఆపరేటర్ అసిస్టెడ్ అనే కేటగిరీ ఉన్నది. ఆ సహాయం లేకుండా, డయల్ తిప్పుకుంటూ, ఒక్కొక్క స్టేషన్‌నూ చెవితో వెతికి పట్టుకునేవారు వేరే కేటగిరీలో పోటీ పడతారు. నలభై ఎనిమిది గంటలలో క్లస్టర్‌లో వచ్చిన ఒక్క స్పాట్‌ను (ఫలానా స్టేషన్ ఫలానా చోట ఉందన్న కబురును) వాడుకున్నా నీవు అసిస్టెడ్ కిందికే వస్తావు. విండో తెరిచి ఉన్నంతసేపూ అరుదైన దేశం పేరు కనబడినప్పుడు కన్ను అటు పోకుండా ఆపుకోగలనని నీవు అనుకుంటున్నావేమో గాని, ఆ నిగ్రహం ఎవరికీ ఉండదని నా అభిప్రాయం. అందువల్ల రెండే దారులు: శుక్రవారం రాత్రే ఆ విండో మూసి నెట్‌వర్క్ తీగ పీకేయడం, లేదా నిశ్చింతగా వాడుకుని అసిస్టెడ్ అని వ్రాసుకోవడం. మొదటి కాంటెస్ట్‌కు నేనైతే రెండవదే ఎంచుకోమంటాను. లైసెన్స్ వచ్చి మూడేళ్ళు దాటలేదు కనుక రూకీ (కొత్తవారి) విభాగంలో కూడా నీ పేరు నమోదు చేసుకోవచ్చు.

ఇక ఎవరికి తెలుస్తుందన్న సంగతి. తెలుస్తుంది. ఈ కాంటెస్ట్‌కు వచ్చిన లాగ్‌లను అందరూ చూసేలా బహిరంగంగా పెడతారు. నీవు ఏ నిమిషంలో ఏ బ్యాండ్ (20 మీటర్లు, 15 మీటర్లు అని పిలిచే ఫ్రీక్వెన్సీల పట్టీ) నుంచి ఏ బ్యాండ్‌కు మారావో అందులో ఉంటుంది, ఏ స్పాట్ ఏ క్షణాన వచ్చిందో క్లస్టర్ రికార్డులలో ఉంటుంది. 20 మీటర్లలో తీరిగ్గా ఉన్న మనిషి, 15 మీటర్లలో కొత్త దేశం స్పాట్ పడిన మరుక్షణమే అక్కడికి దూకి పలకరించి తిరిగి వచ్చాడంటే, అది ఒకసారి కాకతాళీయం కావచ్చు, మాటిమాటికీ జరిగితే కాదు. కమిటీ వద్ద బ్యాండ్ మొత్తాన్ని పట్టిన రికార్డింగులు కూడా ఉంటాయి. పై స్థానాలకు పోటీ పడేవారు తమ ఆడియో అంతా రికార్డు చేసి ఉంచుకోవాలన్న నియమం కూడా ఈ అనుభవాల వల్లనే వచ్చింది. ఇదంతా నిన్ను భయపెట్టడానికి వ్రాయడం లేదు. ఎవరూ తనిఖీ చేయని రోజుల్లో కూడా, కాగితం మీద లాగ్ వ్రాసి, పాత కాంటాక్టులు మళ్ళీ పడకుండా డూప్ షీట్ చేత్తో నింపుకుంటూ, ఉన్నది ఉన్నట్లు పంపినవారే ఎక్కువమంది. ఆ లాగ్ మీద ఉండేది వారి కాల్‌సైన్ కదా.

పాయింట్ల లెక్క ఒకసారి సరిగ్గా అర్థం చేసుకుంటే ఆశ ఎక్కడ పుడుతుందో నీకే తెలుస్తుంది. వేరే ఖండంవారితో మాట్లాడితే 3 పాయింట్లు, మన ఖండంలోని వేరే దేశంవారితో 1, మన దేశంవారితో సున్నా. ప్రతి బ్యాండ్‌లోనూ కొత్త దేశం ఒక మల్టిప్లయర్, కొత్త జోన్ (కాంటెస్ట్ కోసం ప్రపంచాన్ని విభజించిన భాగం) మరొక మల్టిప్లయర్. మొత్తం పాయింట్లను మొత్తం మల్టిప్లయర్లతో గుణిస్తారు. నీకు 500 పాయింట్లు, 80 మల్టిప్లయర్లు ఉన్నాయనుకో, స్కోరు 40,000. మరొక్క దేశం చేరితే ఒక్క కాంటాక్ట్‌తో 500కు పైగా పెరుగుతుంది. సగం వినబడిన కాల్‌సైన్‌ను ఊహించి పూర్తి చేయాలన్న ఆశ, స్నేహితుడు ఫోన్ చేసి "ఫలానా చోట ఫలానా స్టేషన్ ఉంది" అంటే వినాలన్న ఆశ పుట్టేది ఇక్కడే.

నేను అన్నిటికన్నా ముఖ్యంగా చెప్పదలచుకున్నది లాగ్ గురించి. అందులో నీవు విన్నది తప్ప మరేదీ ఉండకూడదు. మాటల్లో జరిగే కాంటెస్ట్ కనుక బీ, డీ, ఈ, పీ, టీ, వీ అన్నీ రొదలో ఒకేలా వినబడతాయి. అవతలి మనిషి బీకి బదులు చెప్పే "బ్రావో" అన్నాడో, డీకి బదులు చెప్పే "డెల్టా" అన్నాడో తెలియనప్పుడు, తెలిసిన అక్షరాలు చెప్పి మళ్ళీ చెప్పమని అడుగు. రెండు సార్లు అడిగినా తేలకపోతే, అతనికి మర్యాదగా ఆ మాట చెప్పి వదిలేయి. పది సెకండ్ల నష్టంతో పోతుంది. తప్పు కాల్‌సైన్ వ్రాస్తే ఆ కాంటాక్ట్ పోవడమే కాక, జరిమానాగా అదనపు పాయింట్లు కూడా కోస్తారు. అదే, ఒకే స్టేషన్‌ను రెండోసారి లాగ్ చేసినందుకు జరిమానా ఏమీ లేదు. అందుకని "ఇదివరకే మాట్లాడాం" అంటూ వాదన పెట్టుకోకుండా మళ్ళీ నీ రిపోర్టు, జోన్ నంబర్ ఇచ్చి పంపేయడమే మంచిది. అతని లాగ్‌లో నీ పేరు మొదటిసారి తప్పు పడి ఉండవచ్చు.

జోన్ విషయంలో సాఫ్ట్‌వేర్‌ను నమ్మకు. కాల్‌సైన్ టైప్ చేయగానే అది జోన్ నంబర్‌ను తానే నింపేస్తుంది. అమెరికా కాల్‌సైన్‌లో 6 అనే అంకె కనబడితే పడమటి తీరమనుకుని 3 అని వేస్తుంది. ఆ మనిషి ఆ కాల్‌సైన్‌తోనే తూర్పు తీరానికి ఇల్లు మారి, "ఫైవ్ నైన్ ఫైవ్" (59 సిగ్నల్ రిపోర్టు, 5 జోన్) అని నీ చెవిలో స్పష్టంగా చెబుతూ ఉంటాడు. గడిలో 3 ఉంది, చెవిలో 5 ఉంది. చెవిలో ఉన్నదే వ్రాయాలి. మన జోన్ 22 కనుక నీవు ఇచ్చేది మాత్రం ఎప్పుడూ ఒకటే, ఫైవ్ నైన్ ట్వంటీ టూ. (సిగ్నల్ చెవికి ఆనకపోయినా అందరూ ఇచ్చేది 59 రిపోర్టే. అది అబద్ధమే, కానీ అందరూ ఒప్పుకుని ఆడుకునే అబద్ధం కనుక దాని గురించి మనసు పాడు చేసుకోకు.)

కాంటెస్ట్ ముగిసిన తరువాత కాల్‌సైన్లను ఇంటర్నెట్‌లో వెతికి సరిచేయడం, రికార్డింగ్ మళ్ళీ విని దిద్దడం, ఈమెయిల్ పెట్టి "నీ జోన్ ఎంత" అని అడగడం, ఇవన్నీ నిషిద్ధం. చాలామంది కొత్తవారు ఇది శుభ్రం చేయడమే కదా అనుకుంటారు. పరీక్ష రాసి బయటికి వచ్చాక పుస్తకం చూసి జవాబు పత్రం దిద్దుకోవడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే. టైప్ చేసేటప్పుడు పడిన పొరపాటును నీవు పక్కన నోట్‌బుక్‌లో అప్పుడే గుర్తు పెట్టుకుని ఉంటే దిద్దుకోవచ్చు. అంతకు మించి చేయి పెట్టకుండా పంపేయి.

ఇదంతా ఇంత నిక్కచ్చిగా పాటించినా పోటీ సమానంగా ఉంటుందా అంటే ఉండదు. జపాన్ మనకు ఎంత దూరమైనా ఆసియాలోనే ఉన్నది కనుక 1 పాయింట్, ఈజిప్టు అంతకన్నా దగ్గరే అయినా ఆఫ్రికా కనుక 3. సముద్రం ఒడ్డున ఎత్తయిన టవర్ మీద పెద్ద బీమ్ యాంటెన్నా ఉన్నవాడితో, హాస్టల్ మేడ మీద వైర్ డైపోల్ అనే మామూలు తీగ యాంటెన్నా కట్టుకున్న నీవు ఎన్నటికీ సమానం కాలేవు. ఈ అసమానతను తొలగించి చూద్దామనే, 1990లో సియాటిల్‌లో వరల్డ్ రేడియోస్పోర్ట్ టీమ్ ఛాంపియన్‌షిప్ మొదలుపెట్టారు. తరువాతి కాలంలో అందులో జట్లన్నిటికీ ఒకే ప్రాంతంలో, ఒకే రకం యాంటెన్నాలు, ఒకే పవర్ ఇచ్చి, ఏ స్థలం ఎవరిదో లాటరీ తీసి, ప్రతి జట్టు పక్కనా చెవికి హెడ్‌ఫోన్ పెట్టుకున్న రిఫరీని కూర్చోబెట్టే పద్ధతికి వచ్చారు. 2018లో జర్మనీలోని విట్టెన్‌బర్గ్ చుట్టూ పొలాలలో అలాగే జరిగింది. చూడు, అంత చేస్తే తప్ప సమానత్వం రాదన్నమాట. మిగిలిన కాంటెస్టులలో ఎవరి భూగోళం వారిదే. కానీ ఊరు కలిసిరాకపోవడం వేరు, పక్కవాడు 100 వాట్లని వ్రాసి 1,000 వాట్లు పంపడం వేరు. మొదటిదాన్ని ఎంచి రెండవదాన్ని సమర్థించుకునేవారు నీకు తప్పక ఎదురవుతారు. వారి మాట వినకు.

పవర్ మాట వచ్చింది కనుక ఇదీ గుర్తుంచుకో. కాంటెస్ట్ నియమాలలో హై పవర్ అంటే 1,500 వాట్ల దాకా అని ఉంటుంది. అది మనకు వర్తించదు. మన దేశంలో పై తరగతి లైసెన్సైన జనరల్ గ్రేడ్‌వారికే 400 వాట్లు హద్దు, కింది గ్రేడ్‌కిచ్చే వీయూ3 కాల్‌సైన్ ఉన్న నీకు ఇంకా తక్కువ. లైసెన్స్ షరతు ముందు, కాంటెస్ట్ నియమం తరువాత. బ్యాండ్ హద్దులూ అంతే. 40 మీటర్లలో అమెరికావారికి 7.300 మెగాహెర్ట్జ్ దాకా ఉన్నది, మనకు 7.200తో సరి. 7.230లో అమెరికా స్టేషన్ ఎంత గట్టిగా పిలుస్తున్నా నీవు జవాబివ్వడానికి లేదు. 20 మీటర్ల పై అంచున మరొక మెలిక ఉన్నది. డయల్ 14.348 అని చూపిస్తుంటే హద్దు లోపలే ఉన్నాననుకుంటావు, కానీ అప్పర్ సైడ్‌బ్యాండ్‌లో నీ గొంతు అక్కడి నుంచి దాదాపు 3 కిలోహెర్ట్జ్ పైకి పాకి, 14.350 దాటి బయట పడుతుంది. 14.347 మీదికి పోకు. 14.100 దగ్గర బీకన్లు (బ్యాండ్ ఎలా ఉందో తెలియడానికి సిగ్నల్ పంపుతూ ఉండే స్టేషన్లు) ఉంటాయి, 14.300 అత్యవసర సంభాషణలకు ప్రపంచమంతా గుర్తించిన చోటు. ఎంత రద్దీ ఉన్నా ఆ రెండింటినీ వదిలిపెట్టు.

ఖాళీగా ఉన్నట్లు తోచిన ఫ్రీక్వెన్సీలో వెంటనే సీక్యూ (ఎవరైనా పలకండి అన్న పిలుపు) వేయకు. కాసేపు విని, "ఈ ఫ్రీక్వెన్సీ వాడుకలో ఉందా" అని కాల్‌సైన్ చెప్పి అడిగి, జవాబు కోసం ఆగి, మరొకసారి అడుగు. మాట్లాడుతున్న ఇద్దరిలో ఒకరు నీకు వినబడకపోవచ్చు. గంట తరువాత బ్యాండ్ తెరుచుకుని, నీ ఫ్రీక్వెన్సీలోనే మరొక స్టేషన్ సీక్యూ వేస్తూ వినబడవచ్చు. ఇద్దరూ నిజాయితీగానే అక్కడికి వచ్చారు. ఎవరు ముందు అని పంచాయితీ పెట్టే బదులు పక్కకు జరగడం లాభం. గొంతును పెంచే మైక్ గెయిన్, ప్రాసెసర్ రెండూ ఎక్కువ చేసేసి, మోతాదు మించిందేమో చూపే ఏఎల్‌సీ మీటర్‌ను చివరికంటా కొట్టించేవారి గొంతు అటూ ఇటూ చిమ్మి పక్కవారిని ముంచేస్తుంది. అది కూడా క్రీడాస్ఫూర్తికి విరుద్ధమైన ప్రవర్తన కిందికే వస్తుంది. నీ ఆడియో ఎలా ఉందో గురువారమే పక్క ఊరి స్నేహితుణ్ణి విని చెప్పమను.

క్లబ్ గదిలో నీ స్నేహితులు ఉత్సాహంగా చుట్టూ చేరతారని తెలుసు. నీవు మాట్లాడుతుంటే మరొకరు లాగ్ టైప్ చేసినా, నీవు నిద్రపోతే ఇంకొకరు కూర్చున్నా అది సింగిల్ ఆపరేటర్ కాదు, మల్టీ ఆపరేటర్ అవుతుంది. లైసెన్స్ లేనివారి చేతికి సరదాకైనా మైక్ ఇవ్వకు. ఊళ్ళోని హ్యామ్ మిత్రులను "నా ఒక్కడికే నంబర్ ఇచ్చి వెళ్ళండి" అని బతిమాలడం కూడా నాకు నచ్చదు. మన దేశం స్టేషన్ ఎవరైనా తనంతట తాను పిలిస్తే మాత్రం సున్నా పాయింట్లని విసుక్కోకు. మొదటి కాంటాక్ట్‌కు దేశం, జోన్ మల్టిప్లయర్లు రెండూ వస్తాయి, తరువాతవారికి మర్యాద చాలు. అన్నట్లు, పైలప్‌లో (ఒకే స్టేషన్‌ను చాలామంది ఒకేసారి పిలిచే గుంపులో) "జపాన్‌వారు మాత్రమే" అని అవతలివాడు అంటే నోరు కట్టుకుని కూర్చోవాలి, అది మహా కష్టం.

ఈ క్రమశిక్షణంతా ఆటకే పరిమితమా అని నాన్నగారు ఎప్పుడూ నవ్వుతారు. 2004 డిసెంబర్‌లో హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతీ ప్రసాద్ గారి బృందం పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్నది. అండమాన్‌తో ఒక కాంటాక్ట్ కోసం ప్రపంచంలోని హ్యామ్‌లంతా ఎదురుచూస్తున్న ఆ రోజుల్లోనే సునామీ వచ్చింది. ఆ క్షణం నుంచి అదే స్టేషన్ సహాయ సమాచారానికి మళ్ళింది. వందల గొంతుల మధ్య ఒక్క గొంతును విని, సరిగ్గా వ్రాసుకుని, తిరిగి చెప్పి నిర్ధారించుకోవడం అలవాటైనవారికి పేర్లూ చిరునామాలూ చేరవేయడం కొత్త పని కాదు. నాన్నగారికి ఈ మాట చెప్పినప్పుడల్లా ఆయన పేపర్ తిరగేస్తారు.

మన లెక్కలో కాంటెస్ట్ శనివారం తెల్లవారుజామున 5:30కు మొదలై, సోమవారం అదే వేళకు ముగుస్తుంది. లాగ్ ఎన్ని రోజుల్లోగా పంపాలో, సొంత స్పాట్లు వేసుకోవడం గురించి ఏమున్నదో ఈ ఏటి నియమాలలోనే చూసుకో. ఇవి కాంటెస్ట్‌కూ కాంటెస్ట్‌కూ మారుతుంటాయి, పాతవి నమ్ముకోవద్దు. రాత్రి కాసేపు నిద్రపోకపోతే రెండో రోజు తప్పులు రెట్టింపవుతాయి కనుక అలారం పెట్టుకుని పడుకో. ఫలితాల తరువాత కమిటీ పంపే తనిఖీ నివేదికను నాకూ పంపు, ఏ కాంటాక్టులు ఎందుకు పోయాయో ఇద్దరం కూర్చుని చూద్దాం. క్లస్టర్ ఉంచుతావో తీసేస్తావో శుక్రవారం సాయంత్రంలోగా నాకు ఒక మెసేజ్ పెట్టు. సోమవారం పొద్దున ల్యాబ్ ఎగ్గొట్టవద్దు.

ఇట్లు,
నీ అమ్మ